గూడబాతుల ఇంటికి పట్టుచీరల్లో

పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్న ఆ రోజుల్లో మా ఇంట్లో ‘బయటికి వెళ్దాం’ అంటే ఎవరిదో శుభకార్యానికి వెళ్దాం అనే అర్థం. పెళ్ళి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, అన్నప్రాసన, ఏదో ఒకటి. మావారిది చల్లపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం, మా పుట్టిల్లు కంకిపాడు. రెండు వైపులా కలిపితే ఈ చుట్టుపక్కల మాకు చుట్టం కానివాళ్ళు తక్కువ. గవర్నర్‌పేటలో ఆఫీసు పనితో ఆరు రోజులు నలిగిపోయి, ఆదివారం రాగానే బీరువాలోంచి పట్టుచీర తీయడం, పిల్లల్ని ముస్తాబు చేయడం, రెండో పంక్తికల్లా విస్తరి ముందు కూర్చోవడం, ఇదే నాకు తెలిసిన విహారం. (భోజనాల విషయంలో నాకెప్పుడూ ఫిర్యాదు లేదనుకోండి.)

చిక్కంతా ఒకటో తరగతి టీచరు వల్ల వచ్చింది. ఆవిడ ప్రతి సోమవారం పిల్లల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఆదివారం ఎక్కడికి వెళ్ళారో చెప్పించేది. మా బుజ్జమ్మ మొదటి వారం “పెళ్ళికెళ్ళాం” అంది. రెండో వారం, మూడో వారం కూడా అదే. నాలుగో వారం ఇది నోరు తెరవకముందే క్లాసంతా “పెళ్ళికే” అని అరిచి నవ్విందట. అంతే, మా పిల్ల లేచి నిలబడటం మానేసింది. “అసలు మాట్లాడట్లేదండీ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?” అని టీచరు ఫోన్ చేస్తే నాకు తల తిరిగిపోయింది. ఇంట్లో అది కాసేపు నోరు మూసుకుంటే చాలని మొక్కుకునేవాళ్ళం మేము.

“ఈ ఆదివారం కొల్లేరు వెళ్తున్నాం, పక్షుల్ని చూడటానికి” అని ఆ సాయంత్రమే ప్రకటించాను. “అక్కడ ఎవరిది ఫంక్షను?” అన్నారు మావారు. ఎవరిదీ కాదు, ఊరికే చూడటానికి అన్నాను. “ఊరికేనా? మరి భోజనాలో?” అని ఆయన దిగులుపడ్డారు. అత్తయ్యగారి అభ్యంతరం వేరు. “పిలవకుండా ఎలా వెళ్తామే?” అన్నారు. నేను పట్టు వదల్లేదు. సోమవారం నా కూతురు లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పాలి, నాకు కావలసింది అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే “తయారవ్వండి” అన్నాను. అదే నా పొరపాటు. మా ఇంట్లో ఆ మాటకి చేతులు వాటంతటవే పనిచేస్తాయి. కారెక్కాక చూసుకుంటే అత్తయ్యగారు ఎర్రటి కంచిపట్టులో, బుజ్జమ్మ పసుపు పట్టులంగాలో, రెండేళ్ళ చిన్నోడు జరీ పంచెలో, మావారు తళతళలాడే సిల్కు చొక్కాలో ఉన్నారు. (ఇంత వివేకవంతురాలిని, నేను మాత్రం చిలకపచ్చ పట్టుచీరలో ఉన్నాను.) అత్తయ్యగారి ఒళ్ళో సంచి నిండా అరటిపళ్ళు, జాకెట్టు ముక్కలు, పైన కుంకుమ భరిణె. ఎవరికత్తయ్యా ఇవి అంటే, “ఎవరో ఒకరుంటారుగా. వట్టి చేతుల్తో ఎవరింటికైనా ఎలా వెళ్తాం?” అన్నారు. మనం వెళ్ళేది పక్షుల ఇంటికని గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది.

కొల్లేటి గట్టు మీద పడవాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, “పెళ్ళివారిల్లు ఇటు కాదండీ, వెనక వీధిలో” అన్నాడు ఎంతో మర్యాదగా. పక్షుల కోసమే వచ్చామంటే తల గోక్కున్నాడు. “ఈ రంగులకి గూడబాతులు అంత దూరం నుంచే లేచిపోతాయమ్మా. ఇప్పుడు గూళ్ళలో పిల్లలున్నాయి. తల్లులు లేచిపోతే అయ్యి ఎండకి అల్లాడిపోతాయండీ. మాసిన రంగు బట్టలేసుకుని ఇంకోసారి రండి.” ఆయన చెప్పింది న్యాయమే. బుజ్జమ్మ నా కొంగు పట్టుకుని, “అయితే అమ్మా, రేపు నేనేం చెప్పాలి?” అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఈ లోపల అత్తయ్యగారు పక్కన కనబడలేదు. చూస్తే, గట్టు కింద గుడిసె ముందు చేపలు ఎండబెట్టుకుంటున్న పడవాయన భార్యకి బొట్టు పెట్టి, పళ్ళూ జాకెట్టు ముక్కా చేతిలో పెడుతున్నారు. “ఏ ఊరి చుట్టాలమ్మా మీరు?” అని ఆవిడ తబ్బిబ్బయిపోతుంటే, “ఇప్పుడే అయ్యాంలే” అన్నారు ఈవిడ. సంగతి విన్నాక ఆవిడ మొగుణ్ణి ఒక్క చూపు చూసింది. “ఇంటికొచ్చి బొట్టు పెట్టినోళ్ళని ఊరికే ఎట్టా పంపుతాం?” అంటూ లోపలికెళ్ళి, రంగు వెలిసిన పాత దుప్పట్లు, లుంగీలు తెచ్చి మా అందరికీ స్వయంగా కప్పింది. చేపల వాసన గుప్పుమంది. మావారు మలేరియా వచ్చినవాడిలా మెడదాకా చుట్టుకుని పడవెక్కారు.

నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద వందల గూడబాతులు, ఇంతేసి సంచి ముక్కులతో. పిల్లలు తల్లి నోట్లోకి తలంతా దూర్చి తింటున్నాయి. ఒక్క పక్షీ లేవలేదు. బుజ్జమ్మ నా చెవిలో, “పిల్లలకే ముందు వడ్డిస్తున్నారమ్మా” అంది. ఆ తర్వాత గంటసేపు, చిరుగుల దుప్పట్లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా చూసింది నా వాగుడుకాయ.

సోమవారం పర్మిషన్ పెట్టి క్లాసు కిటికీ పక్కన దొంగలా నిలబడ్డాను. బుజ్జమ్మ లేచింది. “మేం పెళ్ళికెళ్ళాం” అంది. క్లాసంతా గొల్లుమంది. అది కదల్లేదు, నవ్వులు ఆగేదాకా చూసి మళ్ళీ మొదలుపెట్టింది. “గూడబాతుల పెళ్ళికి. వాళ్ళు పిలవలేదు, మేమే వెళ్ళాం. పిల్లలు భయపడతారని మా పట్టుబట్టలు దాచేసుకున్నాం. అక్కడ భోజనాలు ముందు పిల్లలకే. అమ్మ నోట్లో తల పెట్టి తినాలి.” ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో, “మమ్మల్ని కూడా తీసుకెళ్తావా?” అని అడిగారు. నా కూతురే అని ఆ కారిడార్‌లో పోయేవాళ్ళందరికీ చెప్పాలనిపించింది. ఆయాకి చెప్పాను కూడా.

ఇప్పుడు బుజ్జమ్మ ఇంటర్ చదువుతోంది. ఏటా చలికాలం మట్టిరంగు చొక్కా వేసుకుని స్నేహితులతో కొల్లేరు వెళ్తుంది, అక్కడ ఏ బట్టలు వేసుకోవాలో నాకే పాఠాలు చెబుతుంది. మొన్న “ఈసారి నువ్వూ రా అమ్మా” అంది. సరేనని బీరువా తీస్తే నా చెయ్యి తిన్నగా చిలకపచ్చ పట్టుచీర మీదికే పోయింది. నాలో నేనే నవ్వుకుని, వెలిసిపోయిన నూలుచీర తీసుకున్నాను. తలుపు వేయబోతూ ఆగి, రెండు జాకెట్టు ముక్కలు మాత్రం సంచిలో పెట్టుకున్నాను.