ఎండన కట్టిన పడవ

రేవులో ఆమెను అందరూ సరంగమ్మ అంటారు. తండ్రి సరంగుగా పడవ నడిపాడు. ఆయన చేతిలోని చుక్కాని ఈమె చేతికొచ్చింది, దాని వెంటే ఆ పేరూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి మనుషుల్నీ సైకిళ్ళనీ కూరగాయల గంపల్నీ దాటించడమే ఆమె పని. రోజుకు పన్నెండు సార్లు. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, తన పడవెక్కిన వాళ్ళ మీద ఈగ వాలనివ్వదు.

ఆమె మామూలుగా మాట్లాడినా అవతలి ఒడ్డుకి వినిపిస్తుందని జనం వేళాకోళం చేసేవాళ్ళు. ఎందుకలా అరుస్తుందో ఎవరూ ఆలోచించలేదు, ఆమెతో సహా. కాళ్ళ పక్కనే డీజిలు ఇంజను అన్నేళ్ళు దడదడలాడితే మనిషి అరవక ఏం చేస్తుంది? అసలు సంగతి ఓ సాయంత్రం బయటపడింది. ఇసుక పడవ ఒకటి హారన్ మీద హారన్ కొట్టుకుంటూ వెనక నుంచి మీదికొచ్చింది. జనమంతా కేకలు పెట్టారు. సరంగమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ముందుకే చూస్తూ నిలబడింది. రోజూ ఈమె పడవలోనే కొట్టుకు వెళ్ళే దర్జీ ఆవిడ పరుగున వచ్చి భుజం పట్టి కుదిపితే గానీ ఆమెకు తెలియలేదు. రెండు పడవలూ మూరెడు దూరంలో తప్పించుకున్నాయి.

చెవుల డాక్టరు ఆమెను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి పరీక్ష చేశాడు.

"ఎడమ చెవి సగం పోయింది. కుడిది అదే దారిలో ఉంది. నెమ్మదైన చోట మాటలు మీకు బాగానే వినపడతాయి. ఆ ఇంజను పక్కన మాత్రం ఏమీ వినపడదు. దాన్ని వదలకపోతే మిగిలింది కూడా మిగలదు."

"ఇంజను వదిలితే పడవెలా నడుస్తుందయ్యా?"

"పడవే వదిలేయండి," అన్నాడాయన, అదేదో తెగిన చెప్పుల జతైనట్టు.

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. వినపడక కాదు.

ఇసుక పడవ సంగతి తెలిసి రేవు ఆఫీసరు కూడా పిలిపించాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే పట్టు విడుపు తెలియని మనిషి. "వినపడని మనిషి చేతిలో జనం ప్రాణాలు పెట్టలేనమ్మా," అన్నాడు.

"నా చెవులకేం కాలేదు సార్, ఆ ఇంజనే వాటిని మూసేస్తోంది. అది లేకుండా నడిపి చూపిస్తా."

"తెడ్లు వేస్తారా?"

"ఎండతో నడుపుతా."

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. నెల గడువిచ్చాడు. "ఆఖరి రోజున నేనే వచ్చి కూర్చుంటాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పన్నెండు ట్రిప్పులూ పూర్తికావాలి. నేను చెప్పేది మీకు వినపడాలి. ఈ రెంటిలో ఏది తప్పినా లైసెన్సు నా బల్ల మీద పెట్టేసి వెళ్ళండి."

తిన్నగా తమ్ముడి కొట్టుకు వెళ్ళింది. అతను ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. మూడు మేడల మీద సోలార్ పలకలు బిగించిన అనుభవం ఉంది. పడవంటే మాత్రం కడుపులో తిప్పుతుంది.

"మేడ కదలదక్కా. నీ పడవ నిలకడగా ఉండదు కదా?"

"నేనుంటాను నిలకడగా. నువ్వు పలకల సంగతి చూడు."

వెనక్కి తిరిగే దారి ఉండకూడదని ముందుగా ఇంజను అమ్మేసింది. దాన్ని నలుగురు మోసుకుపోతుంటే ఆమెకు గుండె కలుక్కుమంది. ఎంత చెడ్డా తండ్రి కొన్న ఇంజను. ఆ పూటే పడవ మీది రేకుల కప్పు పీకించి, తేలికపాటి ఇనుప చట్రం వేయించి, దాని మీద ఆరు పలకలు, వెనక చుక్కాని పక్కన కరెంటు మోటారు బిగించారు.

తమ్ముడు వైరు కలిసొస్తుందని బ్యాటరీలను ముందు బల్ల కింద పెట్టాడు. సరంగమ్మ ఒడ్డున నిలబడి ఓ చూపు చూసింది. "ముక్కు మీద బరువు పెట్టి, నెత్తిన పలకలు పెట్టి, దీన్ని బోర్లా పడేద్దామనా?" అంది. అవి ఇంజను ఉన్న గుంటలోకి, పడవ అడుగుకి వెళ్ళాల్సిందేనంది. అతను వైరు పొడవు గురించి ఏదో గొణిగాడు. ఆమె ఇసుక బస్తాలు తెప్పించి ఒక పక్కనే పేర్చి, బ్యాటరీలు ముందున్నప్పుడు పడవ ఎంత ఒరుగుతుందో, గుంటలో ఉన్నప్పుడు ఎంత ఒరుగుతుందో చూపించింది. అతను మళ్ళీ వైరు కోశాడు. ఆ రోజంతా ఆమె గెలుపు ముఖంతో తిరిగింది.

మొదటి ట్రిప్పుకి జనం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. మీట తిప్పగానే పడవ చప్పుడు లేకుండా కదిలింది. చెక్కకు నీళ్ళు తగిలే చప్పుడు కూడా వినిపించింది. సరంగమ్మ అది వింటూ నిలబడి, మలుపు దగ్గర కాస్త ఆలస్యంగా తిప్పింది. ఎవరూ గమనించలేదు.

ఆ సంబరం రెండు రోజులే. మూడో రోజు తొమ్మిదో ట్రిప్పులో, సరిగ్గా ఏటి నడుమ, మోటారు నీరసించిపోయింది. బ్యాటరీ మీటరులో అంకె అడుగంటింది. పద్దెనిమిది మంది ముందు ఆమె తెడ్డు తీసి వేసుకుంటూ ఒడ్డుకు చేర్చింది. తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తొమ్మిదో ట్రిప్పు దాటలేదు.

తమ్ముడి కొట్టు మీద విరుచుకుపడింది. "పనికిరాని బ్యాటరీలు అంటగట్టావు నాకు! తోడబుట్టినదాన్నని కూడా చూడలేదు!"

"కొత్తవక్కా, ఒట్టు! నీ కళ్ళముందే కదా డబ్బాలు విప్పాను!"

అతను వచ్చి ప్రతి పలకా, ప్రతి వైరూ చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇక లాభం లేదని ఓ రోజంతా పడవలోనే కూర్చుంటానన్నాడు. పొద్దున ఆరు ట్రిప్పులూ బల్ల పట్టుకుని, పళ్ళు బిగబట్టి గడిపాడు. పదకొండున్నరకు మధ్యాహ్నపు విరామం వచ్చింది. ఆమె పడవ కట్టింది, అన్నాలు తిన్నారు, అతను బల్ల మీద వాలాడు. చల్లని గాలి, పడవ కదలడం లేదు, ప్రాణానికి హాయిగా ఉంది. అంత హాయిగా ఎందుకుందా అని కళ్ళు తెరిచి పైకి చూశాడు. ఐసు ఫ్యాక్టరీ ఎత్తు గోడ నీడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పడవ మీద పరుచుకుని ఉంది.

"అక్కా! పడవ ఇక్కడెందుకు కట్టావు?"

"మధ్యాహ్నం కదా. నీడన కట్టకపోతే చెక్క ఎండి బద్దలవదూ? సందుల్లో తారు కరిగిపోదూ?"

"రోజూ ఇక్కడే కడతావా?"

"ఇరవై నాలుగేళ్ళుగా ఇక్కడే..." అంటూ ఆగిపోయింది.

తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎండ మండే మూడు గంటలూ తీసుకొచ్చి నీడలో దాస్తున్నావా? బ్యాటరీలను తిట్టావు, నన్ను తిట్టావు, ఇంకా సూర్యుణ్ణొక్కణ్ణే తిట్టలేదు!"

సరంగమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఈ పొరపాటు నేల మీద బతికేవాడెవడూ చేయడు. పడవ మనిషే చేస్తుంది, అందులోనూ మంచి పడవ మనిషే చేస్తుంది. తాడు ముడి ఆమె చేతులే వేశాయి, బుర్రను అడగలేదు.

అలాగని చెక్కను ఎండకు వదిలేయడానికి మనసొప్పలేదు. మర్నాటి నుంచి పడవను ఏట్లో దూరంగా, బయటి గుంజకు కట్టింది. నడిమి భాగానికి పలకల నీడే చాలు. ముందూ వెనకా గోనెసంచులు పరిచి, అరగంటకోసారి బొక్కెనతో తడుపుతూ, గొడుగేసుకుని తనే ఎండలో కూర్చుంది. మొహం నల్లబడింది. ముక్కు మీద తోలు లేచింది. మీటరులో అంకె మాత్రం పైకెక్కింది. పన్నెండు ట్రిప్పులూ తిరిగి, ఒడ్డుకొచ్చాక కూడా కాస్త మిగిలింది.

ఆఫీసరు రావాల్సిన రోజు రానే వచ్చింది. తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బు.

"ఇంకో రోజు అడగక్కా," అన్నాడు తమ్ముడు.

"అడగను. మబ్బు రోజున జనం ఇళ్ళల్లో కూర్చుంటారా?"

తాడో పేడో తేల్చుకుందామనే బయల్దేరింది. మోటారును సగం వేగానికి మించనివ్వలేదు. సగం వేగంతో పోతే సగం కంటే బాగా తక్కువ కరెంటు సరిపోతుందని ఈ నెలలో మీటరు చూసి నేర్చుకుంది. ప్రవాహం కలిసొచ్చేలా ఒడ్డు వెంబడి కొంత ఎగువకు పోయి, అక్కడి నుంచి ఏటవాలుగా దాటింది. ఆఫీసరు చివరి బల్ల మీద కాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకుని మౌనంగా కూర్చున్నాడు.

జనం మౌనంగా కూర్చోలేదు. "నత్త నయం," అన్నారొకరు. "చెవిటిదాని చేతిలో మన ప్రాణాలు," అన్నాడు సైకిలు పట్టుకున్న ఓ పెద్దమనిషి. ఆమెకు వినపడదన్న ధీమా కాబోలు, గొంతు తగ్గించలేదు. చుక్కాని మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. తిరిగి చూడలేదు. జవాబు చెప్పేంత తీరిక ఆమెకు ఆ రోజు లేదు.

పది దాటాక మబ్బు విడిపోయింది. మధ్యాహ్నం గుంజ దగ్గర మూడు గంటలూ ఎండ కాసింది. తొమ్మిదో ట్రిప్పు దాటింది. పదోది, పదకొండోది అయ్యాయి. పన్నెండో ట్రిప్పులో ఏటి నడిమికి వచ్చేసరికి ఇంకా ఒడ్డు చేరడానికి సరిపడా మిగిలే ఉంది. జనం సంతోషంగా ఒకరి మాటకొకరు అడ్డొస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు.

ఆ కబుర్ల మధ్య ఆఫీసరు, తలెత్తకుండా, పక్క మనిషితో అన్నట్టు మెల్లగా అన్నాడు. "పడవ ఆపమ్మా."

మోటారు ఆగింది.

కబుర్లూ ఆగిపోయాయి. పడవ నీటి మీద నెమ్మదిగా తేలుతోంది. "ఎందుకు ఆపారు?" అన్నాడాయన.

"మీరే కదా సార్ ఆపమన్నారు," అంది సరంగమ్మ. ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే తన గొంతేనా అని ఆమెకే అనుమానమొచ్చింది. కళ్ళు నిండాయి. అందరూ చూస్తున్నారని తెలిసినా తుడుచుకోలేదు.

ఆయన తలాడించి, అట్ట మీది కాగితం మీద సంతకం పెట్టాడు. దర్జీ ఆవిడ గొంతు సవరించుకుంది.

"అక్కా, అయితే పొద్దున మేమనుకున్నవన్నీ..."

"అన్నీ వినపడ్డాయి," అంటూ సరంగమ్మ మీట తిప్పింది. "సైకిలాయన రేపు కూడా నా పడవే ఎక్కాలి మరి."