ఖాదర్ వలీ గోడబల్ల

జమ్మలమడుగులో దస్తావేజులు రాసే ఖాదర్ వలీ, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒకసారి అక్కడికి పోయి, ఎవరో ఆఫీసరు గదిలో గోడకు బిగించిన కాళ్లు లేని బల్ల చూసొచ్చినాడు. ఆనాటి నుంచి ఆయనకు కాళ్లున్న బల్లలంటే చులకన. మీసాలు రానప్పటినుంచి చాపమీద బాసింపట్టు వేసుకొని, ఒళ్లో చెక్క పెట్టుకొని రాసిన మనిషి, ఇంట్లోనే ఆఫీసు పెడతానని ముందుగది గోడ తవ్వించినాడు. దాంట్లోకి మందపాటి నాపబండను మూరెడు లోతు దూర్చి, సున్నం దట్టించి, కింద గోడలోనే రెండు రాళ్లు బిగించి ఊతమిచ్చినాడు. వచ్చినోళ్లందరి ముందూ దాన్ని గుద్ది, "ఏనుగెక్కినా కదలదప్పా!" అనేవాడు. ఏనుగు రాలేదు గానీ కుర్చీ వచ్చింది. అందులో కూర్చుంటే ఆయన కాళ్లకు తిమ్మిరి, అక్షరాలకు వంకర పట్టుకున్నాయి. మళ్లీ చాపమీదికి దిగుదామంటే భార్య హజరాబీ నవ్వుతుందని భయం.

ఒక పొద్దున ముద్దనూరు రైతొకాయన పత్రం రాయించుకునేదానికి వచ్చి, "వలీ మామ యాడుండాడమ్మా?" అని అడిగినాడు.

"ఆఫీసులో ఉండాడు. రోంత తలెత్తి చూడప్పా," అంది హజరాబీ.

వలీ బల్ల మీదికెక్కి, బాసింపట్టు వేసుకొని, ఒళ్లో చెక్క పెట్టుకొని రాసుకుంటున్నాడు. ఆయన చెప్పింది నిజమే, బల్ల కదల్లేదు.