మాస్కు తీసి అడిగిన మాట

పుంగనూరులో మా పక్కింటి పెద్దమ్మ ఇక లేదు. మొన్న గురువారం పొద్దున, కుప్పంలో కూతురింట్లో, నిద్రలోనే పోయింది. దినాలు కాకముందే ఇది రాయడానికి కారణం ఒకటే. ఆమె పాత గొంతు ఎవరి ఫోన్‌లోనైనా మిగిలి ఉందేమో అడగాలి. నా దగ్గర లేదు.

ఆ గొంతు మా వీధికంతా తెలుసు. మా అమ్మ తెల్లారకముందే టమోటా కోతకు పోయేది. నేను బడికి బయల్దేరితే గోడవతల నుంచి కేక వచ్చేది. "అమ్మీ, తింటివా?" తినలేదని నేనంటే సంగటి ముద్ద, దాంట్లోకి ఊరుబిండి పచ్చడి గోడ దాటి వచ్చేవి. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. "నువ్వేం సదివినావో నాకు తెలీదుమ్మీ. తిన్నావో లేదో మొగం సూస్తే తెలుస్తాది," అనేది.

పోయిన చలికాలంలో న్యుమోనియా వచ్చి, ఆమెను మదనపల్లెలో నేను నర్సుగా ఉన్న ఆసుపత్రికే తెచ్చారు. కొన్నాళ్లు గొంతులో గొట్టం వేసి, మిషన్‌తోనే ఊపిరి పోశారు. గొట్టం తీస్తే గండం గడిచిందనుకుంటారు చాలామంది. అలసిపోయిన ఊపిరితిత్తులకు అప్పుడే ఆక్సిజన్ ఆసరా కావాలి. మాస్కు ముఖం మీద నుంచి జరగకూడదు.

పెద్దమ్మ మాత్రం మనిషి కనబడితే చాలు, మాస్కు పక్కకు లాగి, గాలి లాంటి గొంతుతో "తింటివా?" అనేది. వచ్చిన మనిషిని ఆ మాట అడక్కపోతే ఎట్లా! వి.కోట నుంచి వచ్చిన తమ్ముణ్ణి అడిగింది. వార్డు ఊడ్చే ఆమెను అడిగింది. డాక్టరునూ అడిగింది. అడిగినప్పుడల్లా మంచం పక్కన మానిటర్ తెరమీద ఆక్సిజన్ అంకె జారేది.

"ఇట్లాగే తీస్తుంటే మళ్లీ గొట్టం వేయాల్సి వస్తుంది," అన్నారు డాక్టరు.

మాట్లాడొద్దని బతిమాలితే నన్ను కళ్లతోనే కసిరింది. చేసేది లేక తలుపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను, ఆమె అడక్కముందే తిన్నామని చెప్పేయండి అని.

తమ్ముడు తలుపు దగ్గర నుంచే, "తినేసొచ్చినా అక్కా! రెండు ముద్దలు!" అన్నాడు. మాస్కు దాకా పోయిన చెయ్యి ఆగింది. సాయంత్రం డాక్టరు కూడా కాస్త సిగ్గుపడుతూ, "ఇడ్లీ తిన్నానమ్మా," అన్నారు. ఆమె నమ్మకం లేనట్టు ఆయన పొట్టవైపు చూసింది. మాస్కు మాత్రం కదల్లేదు. మళ్లీ గొట్టం వేసే పని పడలేదు.

మెల్లగా ఆక్సిజన్ తగ్గించి, ఇంటికి పంపాం. గొట్టం ఒరుసుకున్న గొంతు మాత్రం బొంగురుగానే మిగిలిపోయింది. "నా గొంతు మీ ఆసుపత్రిలోనే యాడో పడిపోయుండాది. ఎతికి పంపిచ్చు మే," అని ఫోన్‌లో నన్నే ఎగతాళి చేసేది.

మదనపల్లెలో ఒక్క గదిలో ఉంటాను. డ్యూటీ దిగి వచ్చి కొన్నిరోజులు వండుకుంటాను, కొన్నిరోజులు వండుకోను. ఆ తేడా ఇప్పుడు ఎవరికీ తెలియదు.

పుంగనూరు వాళ్లారా, ఫోన్లు మార్చేటప్పుడు పాత వీడియోలు చెరిపేస్తుంటాం. దయచేసి ఒకసారి వెతకండి. ఉంటే వచ్చే ఆదివారం లోపు నాకు చెప్పండి. ఆమె కనబడకపోయినా ఫర్వాలేదు. మీ ఇంటి పెళ్లిలో తలంబ్రాలు పోస్తున్నప్పుడు, వెనక వంటల పందిట్లో నుంచి ఎవరినో గట్టిగా పిలుస్తున్న గొంతైనా సరే.