పరుపుల షెడ్డులో బిళ్ళల డబ్బా

పరుపుల షెడ్డులో ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు, వయసులో పెద్దవాళ్ళు కూడా. కిటికీ పక్కనున్న కుట్టుమిషను ఆమెది. పరుపు గలేబు మూల దగ్గర ముడత పడకుండా ఆమె గుడ్డ తిప్పే తీరు చూసి, కొత్తగా చేరినవాళ్ళు తమ కుట్లు తామే విప్పుకుని మళ్ళీ కుట్టుకుంటారు.

షెడ్డుకి అటు కొసన దూది ఏకే యంత్రం ఉంది. అది తిరిగినంతసేపూ గాలి నిండా నుసే. జుట్టు మీద, కనురెప్పల మీద, మూతపెట్టిన టిఫిన్ గిన్నెలో కూడా.

"సాయంత్రానికి అద్దంలో చూసుకుంటే మనం మన అత్తగార్లలా ఉంటామే!" అంటుంది రేడియో వదిన. యంత్రానికి దూది అందించే పని ఆమెది. నోటికి స్విచ్చి లేదని ఆ పేరు పెట్టారు.

నుసి ఉన్నచోట దగ్గు ఉంటుంది. దగ్గొచ్చిందని ఇంట్లో పడుకుంటే ఆ రోజు కూలి ఉండదు. అందుకని షెడ్డులో ఒక పద్ధతి ఏర్పడింది. అలమరలో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి పెట్టుకున్నారు. ఎవరింట్లో జబ్బు తగ్గాక బిళ్ళలు మిగిలినా తెచ్చి అందులో వేస్తారు. ఒంట్లో బాగోలేనివాళ్ళు తీసుకుంటారు. తెలివితక్కువ పనే, కాదనను. కానీ ఆ డబ్బాని తిట్టే ముందు, దాన్ని అక్కడ పెట్టుకోవాల్సిన అవసరం ఎవరు తెచ్చారో కూడా అడగాలి.

పిన్ని గుండెకి మొదట్నించీ ఒక దుర్గుణం ఉంది. ఉన్నట్టుండి తాళం తప్పుతుంది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ దానికో బిళ్ళ రాసింది. పొద్దున్నే అది వేసుకున్నంత కాలం గుండె బుద్ధిగానే ఉంది.

ఆ వానాకాలం తలుపులు మూసి పని చేయించడంతో పిన్నికి దగ్గు ముదిరింది. రేడియో వదిన డబ్బాలో వెతికి ఒక బిళ్ళల అట్ట తీసింది.

"నా గొంతు వాచినప్పుడు రాసిన యాంటీబయాటిక్ పిన్నీ. రెండ్రోజుల్లో నా గొంతు గంటలా మోగింది."

"నీ గొంతు ఎప్పుడు మోగలేదు గనక!" అని నవ్వి, పిన్ని వేసుకుంది. గుండె బిళ్ళ మానలేదు, ఇదీ మానలేదు.

కొద్దిరోజులకి గలేబు కుడుతూ కుడుతూ ఉండగా గుండెల్లో ఏదో పిట్ట తపతపా కొట్టుకున్నట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. మిషను మీదే వాలిపోయింది.

ఆసుపత్రిలో గుండె గీతల కాగితం చూసి డాక్టరమ్మ మొహం ముడుచుకుంది.

"ఇంకేమైనా మందులు వేసుకున్నావా అమ్మా?"

మంచం పక్కనే షెడ్డు యజమాని నిలబడి ఉన్నాడు. డబ్బా సంగతి తెలిస్తే ఆ పూటే బయట పారేయిస్తాడు, పెట్టినవాళ్ళని కూడా. పిన్ని తల అడ్డంగా ఊపింది.

"నేనిచ్చిన బిళ్ళ ఒక్కటే అయితే మరి అది నీకు పడటం లేదు. గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. లోపల చిన్న యంత్రం అమర్చాల్సి రావచ్చు."

"ఇలాంటి మనిషిని మిషను మీద కూర్చోబెట్టి నేను కోర్టుల చుట్టూ తిరగలేను. ఇంక రావద్దు," అన్నాడు యజమాని, తన గుండెకే ఏదో అయినట్టు ఛాతీ పట్టుకుని. వెళ్ళిపోయాడు.

పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. ప్రాణం కంటే ముందు కిటికీ పక్కన ఆ మిషనే గుర్తొచ్చింది.

పని దిగి వచ్చిన రేడియో వదిన అంతా విని, జీవితంలో మొదటిసారి నోరు మెదపకుండా వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చినప్పుడు చేతిసంచిలో డబ్బా ఉంది. డాక్టరమ్మ బల్ల మీద గలగలా కుమ్మరించింది.

"ఇదిగో తల్లీ మా మందులషాపు. ఈ అట్ట పిన్నికి నా చేత్తో నేనే ఇచ్చాను. తిట్టేదేదో నన్ను తిట్టండి."

"ఒసేయ్, నోరు ముయ్యి!" అంది పిన్ని మంచం మీంచి.

"నేనిప్పుడు నోరు మూస్తే నువ్వు కళ్ళు మూస్తావే పిచ్చిదానా!"

డాక్టరమ్మ అట్ట వెనక పేరు చదివింది. అప్పటిదాకా బిగుసుకున్న ఆమె మొహం కాస్త విచ్చుకుంది. గుండె గీతల కాగితం తెచ్చి ఇద్దరి మధ్యా పరిచింది.

"గుండెలో ప్రతి కణానికీ కంటికి కనపడని తలుపులుంటాయి. సోడియం లోపలికి దూసుకొస్తే కణంలో కరెంటు పుడుతుంది, గుండె కొట్టుకుంటుంది. తర్వాత పొటాషియం బయటికి పోవాలి. పోతేనే కణం చల్లబడి తర్వాతి దెబ్బకి సిద్ధమవుతుంది. నేనిచ్చిన బిళ్ళ ఆ పొటాషియం తలుపుని కొంచెం మూసి ఉంచుతుంది. అందుకే ఇచ్చాను. కణం తేరుకోవడం కాస్త ఆలస్యమైతే ఆలోపు వేళ కాని వేళ వచ్చే దొంగ కరెంటు దాన్ని లేపలేదు. ఈ యాంటీబయాటిక్ కూడా అదే తలుపుని నెడుతుంది. రెండూ కలిసేసరికి కణం తేరుకోలేకపోయింది. చూడు, ఈ చివరి అల ఎంత సాగిపోయిందో. అది ముగియకుండానే ఇంకో కరెంటు రేగింది. గుండె సుడి తిరిగింది, తలకి రక్తం అందలేదు."

పిన్ని ఆ అల మీద వేలు పెట్టింది. "సూది పైకి లేవకముందే గుడ్డ లాగినట్టా అమ్మా?"

"లాగితే ఏమవుతుంది?"

"సూది వంగుతుంది, దారం చిక్కుపడుతుంది. మిషను మంచిదే, తప్పు లాగిన చేతిది."

"అంతే. నీ మిషనుకేమీ కాలేదు."

రేడియో వదిన గోడకి ఆనుకుని బావురుమంది. సంతోషంగా ఏడ్చినా ఆ గొంతు వార్డంతా వినిపించింది.

డాక్టరమ్మ రెండు మందులూ ఆపింది, రక్తంలో తగ్గిన లవణాలు ఎక్కించింది, ఒంట్లోంచి యాంటీబయాటిక్ పోయేదాకా పిన్నిని కదలనివ్వలేదు. సాగిన అల మెల్లగా తన చోటికి తాను వచ్చింది. లోపల యంత్రం అక్కర్లేదని, గుండె బిళ్ళ మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడదామని చెప్పింది. "అసలు నుసి దగ్గుకి ఈ యాంటీబయాటిక్ పనే చెయ్యదమ్మా. నుసి పోతేనే ఆ దగ్గు పోతుంది. ఇకమీద ఏ బిళ్ళయినా ముందు నన్నడుగు."

ఆ మాట రేడియో వదిన చెవిన పడింది. అంటే షెడ్డంతా పడినట్టే. మర్నాడు ఎవరూ మిషను తొక్కలేదు.

"డబ్బా మేం తీసేస్తాం," అంది ఆమె యజమానితో. "నుసి లాగే ఫ్యాను మీరు పెట్టించండి. జబ్బు చేస్తే కూలి కొయ్యకండి. పిన్ని మిషను పిన్నికే."

యజమాని ఎగిరాడు, బెదిరించాడు, అందరూ ఒక్కసారిగా దగ్గేసరికి ఆగాడు. అది నిజం దగ్గే. పరుపులు పంపాల్సిన గడువు మెడ మీద ఉంది. ఫ్యానుకి ఒప్పుకున్నాడు, పిన్నికి ఒప్పుకున్నాడు. జబ్బు సెలవు దగ్గర మాత్రం ఇంకా నీళ్ళు నములుతున్నాడు. వీళ్ళూ వదలడం లేదు.

పిన్ని తిరిగొచ్చిన రోజు ఫ్యాను రొదలో రేడియో వదిన మాటలు సగం వినపడలేదు. ఫ్యాను వల్ల రెండు లాభాలన్నారు ఆడవాళ్ళు. బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు సూదులు, బాబిన్లు ఉన్నాయి. పిన్ని ఒక బాబిన్ తీసుకుని కూర్చుంది. మొదటి మూల తిప్పబోతూ అలవాటుగా ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకుంది. చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదక్కడ. చెయ్యి తీసి, గుడ్డ సూది కింద పెట్టి, తొక్కడం మొదలుపెట్టింది.