బుధవారం క్షవరం

మా ఆయన యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగాన్ని, ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉండగానే వదిలేసి ఏడాది కావస్తోంది. అయినా క్షవరానికి మాత్రం ఆదివారమే వెళ్లి, ఉద్యోగస్థుల మధ్య గంటసేపు కూర్చుని వస్తారు. ఇదేం రిటైర్మెంటో నాకు అంతుపట్టలేదు. అందుకే ఈ రోజు, బుధవారం నాడు, తార్నాక గిర్నీలో గోధుమలు పట్టించడానికి వెళ్తూ ఆయన్ని కూడా లాక్కెళ్లి పక్కనున్న సెలూన్‌లో కూర్చోబెట్టాను.

"ఏంది సారూ, ఇయ్యాల ఆఫీసు లేదా?" అన్నాడు కత్తెర పట్టిన మల్లయ్య.

"లీవు పెట్టిన," అన్నారు మా ఆయన, వంచిన తల ఎత్తకుండానే.

నేను గిర్నీ గుమ్మంలోంచే అందుకున్నాను. "మల్లయ్యా, ఆ లీవు ఏడాది నుంచి నడుస్తున్నది. సారు రిటైరైన్రు."

"అట్లనా అమ్మా! మరి ఐతారం వచ్చి పనోళ్ల జాగల ఎందుకు కూసుంటున్నరు సారూ?"

తిరిగి వస్తుంటే క్యాంపస్ రోడ్డు మీద సీతాఫల్‌మండి పరిచయస్థుడొకడు సైకిలు దిగి, "లీవా సార్?" అని అడిగాడు. నేను పంటి బిగువున నోరు మూసుకున్నాను.

"లేదయ్యా, నౌకరీ ఇడిసిపెట్టిన. ఇంటికి పోయి పండుకుంట," అన్నారాయన. ఇద్దరు మనవలున్న మనిషి, కొత్త అల్లుడిలా సిగ్గుపడ్డారు.

పింఛను మంజూరైన రోజు రిటైరైనట్టా, నలుగురిలో ఆ మాట అనగలిగిన రోజా? నా ఓటు రెండోదానికే. మీరేమంటారు? ఇంకా దీపాలు కూడా పెట్టలేదు, పక్క గదిలోంచి అప్పుడే గురక వినిపిస్తోంది.