నాయనమ్మ అడిగిన ఆట

నిన్న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒక ముసలామె, మనవరాలు సుద్దతో గళ్లు గీసుకుని అష్టాచెమ్మా ఆడుతున్నారు. చూస్తూ నిలబడి నా బస్సు వదిలేసుకున్నాను.

నా చిన్నప్పుడు మూసారాంబాగ్‌లోని మా కిరాయి ఇంట్లో నాయనమ్మ మంచాన పడింది. చింతగింజలు గుప్పిట్లో పట్టుకుని, "రా బిడ్డా, ఒక్క ఆట" అని పిలిచేది. నాన్నేమో ఇంటి ప్రార్థనలో రోజూ హెచ్చరించేవాడు. "దేవుడిచ్చిన టైం ఆటలల్ల పాడు చేస్తే ఆయనే గుంజుకుంటడు."

ఆడితే నాయనమ్మకు మిగిలిన కాలాన్ని దేవుడు లాగేసుకుంటాడనుకున్నాను. భయపడి, ఆమె వైపు చూడకుండా బైబిలు వాక్యాలు బట్టీపట్టాను.

"నా దగ్గరికొస్తే రోగమొస్తదనుకున్నవా?" అందొకసారి. నేను బైబిల్లోకి ఇంకా వంగిపోయాను.

ఆమె పోయాక, సమాధి దగ్గర నాన్న నా భుజం మీద చెయ్యేసి సాక్ష్యం చెప్పాడు. "మా అమ్మ ఆటకు పిలిచినా నా కొడుకు ఒక్క నిమిషం పాడు చెయ్యలే."

అందరూ ఆమెన్ అన్నారు. ఆమెను కాపాడలేకపోయానని నేను ఏడుస్తుంటే, ఎంత భక్తిగల పిల్లవాడని మెచ్చుకున్నారు.

ఇప్పుడు నేను ఆమె వయసు దాటాను. రోజంతా ఏం చేశానో డైరీలో రాసుకుంటాను. ఎవరి పక్కనైనా ఊరికే కూర్చోవడం మాత్రం ఇంకా రాలేదు.