ఊరి రేటు కాలరు

చొక్కా కాలరు మొన తిప్పడం అందరి వల్లా అయ్యే పని కాదు. లోపల ఒక పోగు దారం పెట్టి కుట్టి, తిప్పేటప్పుడు దాన్ని సుతారంగా బయటికి లాగాలి. ఆ పనితనం వల్లే ఆవిడకి కాలరక్క అని పేరొచ్చింది. పన్నెండేళ్ళుగా ఊళ్ళో తన మిషను మీద కుట్టి, టౌనులోని చొక్కాల షెడ్డుకి మూటలు పంపుతోంది. షెడ్డులో కూర్చుని అదే కాలరు కుట్టేవాళ్ళకి ఒక రేటు, ఈవిడకి అందులో సగం. దానికి "ఊరి రేటు" అని పేరు కూడానూ. ఆ పేరు పెట్టినవాడి నోట్లో మన్ను పడ!

మొగుడి నడుం పడిపోయాక ఇల్లంతా ఆవిడ మిషను మీదే నడుస్తోంది. ఇంకా సగం రేటే అంటే కూతుర్ని కాలేజీ మాన్పించి పక్క మిషను మీద కూర్చోబెట్టాలి. ప్రాణం పోయినా ఆ పని చెయ్యకూడదనుకుని, పొద్దున్నే బస్సెక్కి షెడ్డుకి వెళ్ళింది.

"ఊళ్ళో మీకేం ఖర్చులుంటాయమ్మా? గాలి ఊరికే, నీళ్ళు ఊరికే" అన్నాడు మేనేజరు.

"మందుల షాపువాడు ఊరిదాన్నని సగానికిస్తున్నాడా సారూ? కాలేజీవాళ్ళు సగం ఫీజు చాలన్నారా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదమ్మా."

"నోరు మూసుకునేగా పన్నెండేళ్ళు కుట్టాను! ఊరి రేటు మంచిదైందా?"

ఇంతలో లారీ వచ్చింది. షెడ్డులో కుట్టిన యాభై చొక్కాలు, కాలర్లు ముడతలు పడ్డాయని తిరిగొచ్చాయి. సాయంత్రానికి మళ్ళీ ఎక్కించాలి. మేనేజరు గొంతులో ఎక్కడలేని తేనె పుట్టుకొచ్చింది.

"అక్కా, నువ్వే దిక్కు. ఇక్కడే కూర్చుని సరిచెయ్యి. రేటు సంగతి చూద్దాం."

చూద్దామంటే ఇస్తామనే అనుకుంది పిచ్చిది. షెడ్డు కుర్చీలో కూర్చుంటే షెడ్డు రేటే కదా అని సంబరపడింది. అన్నం కూడా తినకుండా యాభై కాలర్లూ విప్పి కుట్టింది. చివరికి చేతిలో పడింది ఊరి రేటే.

"కుర్చీ మీది, మిషను మీది, ఇంకా ఊరి రేటేంటండీ?"

"రేటు కుర్చీకి కాదమ్మా, మనిషికి. నువ్వు ఊరి మనిషివేగా?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! కాలరక్కకి ఒళ్ళు మండిపోయింది. డబ్బు బల్ల మీద పడేసి, బ్లేడు తీసి ఒక కాలరు కుట్లు పరపరా తెంపేసింది. ఆ వెంటనే రెండోది.

"ఏయ్, పిచ్చెక్కిందా? బయట లారీ ఉంది!"

"మీ గుడ్డకేం కాలేదు. నా కుట్టు నేను తీసేసుకుంటున్నా."

"సరే తల్లీ, ఈ ఒక్కసారికి టౌను రేటిస్తా, ఆపు!"

"ఈ ఒక్కసారికా? నా కూతురు ఒక్క నెలే చదువుతుందా?"

మేనేజరు చొక్కాలు లాక్కోబోయి, బ్లేడు చూసి వెనక్కి తగ్గాడు. లారీవాడు హారను కొడుతూనే ఉన్నాడు. యాభయ్యో కాలరు ఊడేదాకా ఆవిడ లేవలేదు.

"ఇక నీకు మూట రాదు, పో!" అని అరిచాడు మేనేజరు.

బస్టాండుకి వచ్చినా కోపం తగ్గలేదు. కూతురు ఫోను చేసింది.

"ఏమన్నారమ్మా? ఇస్తామన్నారా?"

"ఇవ్వలేదు. ఉన్న పనీ పోయింది."

"పోనీలే అమ్మా. రేపట్నుంచి నేనూ కుడతా..."

"మిషను ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతా!" అని బస్టాండంతా తిరిగి చూసేలా అరిచింది కాలరక్క. "పుస్తకం తియ్యి. నేనొచ్చేసరికి చదువుతూ కనపడాలి."